హతసాక్షులు: నిలిచినవారు, తడబడినవారు

తెలుగు క్రైస్తవుల వాడుకలో 'హతసాక్షి' అనే మాట ఒకటి ఉన్నది. విశ్వాసము నిమిత్తము ప్రాణము విడిచినవాడని దాని భావము. ఆ మాట వినగానే మన మనస్సు 'హత' అనే తొలి ముక్క దగ్గరనే ఆగిపోతుంది. కత్తులు, చితులు, సింహముల బోనులు కనుల ముందు మెదలుతాయి. కాని ఆ మాటకు బరువంతా రెండవ ముక్కలో ఉన్నది. గ్రీకు భాషలో 'మార్తుస్' అనగా న్యాయస్థానములో నిలబడి, తాను ఎరిగినదానిని ఎరిగినట్లు చెప్పేవాడు, అనగా సాక్షి. తొలి క్రైస్తవులు వ్యవహారములోని ఆ మాటనే తీసికొని తమ మృతవీరులకు పేరుగా పెట్టుకొన్నారు. సిరియా భాషలో 'సహదా' అన్నా, అరబ్బీలో 'షహీద్' అన్నా మూలార్థము అదే. మన దేశములో కేరళలోని సిరియను క్రైస్తవులు సెయింట్ జార్జిని నేటికీ 'గీవర్గీస్ సహదా' అని పిలుచుకొంటారు. ఇన్ని భాషలలోను ముఖ్యము చావు కాదు, సాక్ష్యము.

సాక్షి అన్న తరువాత నిలిచే సాక్షులుంటారు, తడబడే సాక్షులూ ఉంటారు. హతసాక్షుల కథలు చెప్పేటప్పుడు సాధారణముగా మొదటివారిని గురించియే చెప్పుతారు. రెండవవారి మాట ఎవరికీ గుర్తుండదు. అయితే తొలి మూడు శతాబ్దముల క్రైస్తవ సంఘమును ఎక్కువగా కలవరపెట్టినది చనిపోయినవారి సమస్య కాదు. భయపడి లొంగిపోయి, తరువాత తిరిగి వచ్చి తలుపు తట్టినవారి సమస్య. ఈ ప్రసంగములో మేము ఆ ఇరువురిని గురించియు ముచ్చటింపదలచినాము. గ్రీసు, రష్యా, రుమేనియా మొదలైన దేశముల ఆర్థోడాక్సు సంఘములు, ఈజిప్టు, సిరియా, కేరళలలోని ప్రాచ్య ఆర్థోడాక్సు సంఘములు ఈనాటికీ ఆ కాలపు జ్ఞాపకముల మీదనే తమ పూజావిధులను నిలుపుకొని ఉన్నవి.

మొదట ఒక సందేహము తీర్చుకొనవలసి ఉన్నది. రోములో దేవతలకు కొరత లేదు. ఈజిప్టు నుండి ఐసిస్ వచ్చినది. మిత్ర దేవునికి సైనికులు గుహాలయములు కట్టుకొన్నారు. ఇందరు దేవతలను ఆదరించిన రాజ్యము ఒక్క క్రీస్తు భక్తులను ఎందుకు సహింపలేకపోయినది? దేవతలకు బలి అర్పించుట రోమనుల దృష్టిలో ఒక వ్యక్తి సొంత విషయము కాదు. వర్షము, పంట, యుద్ధములో జయము, ఊరి క్షేమము, అన్నియు దేవతల ప్రసన్నత మీద ఆధారపడి ఉన్నవని వారి నమ్మకము. మన పల్లెలలో మశూచి సోకిన రోజులలో గ్రామదేవతకు కొలుపు జరిగేది. ఊరంతా కదలిన ఆ దినమున ఒక్క ఇంటివారు మాత్రము మేము రామని తలుపు వేసికొని కూర్చుంటే పొరుగువారికి ఎట్లుంటుంది? కోపము కన్న ముందు భయము కలుగుతుంది. రోమనులకు కలిగినదీ అట్టి భయమే. యూదులు కూడ బలులలో పాల్గొనలేదు. కాని వారిది పూర్వుల నాటి ఆచారమని రోము ఊరుకొన్నది. క్రైస్తవులు తమ పెద్దల దేవతలను విడిచి వచ్చిన కొత్తవారు. ఆ కొత్తదనమే వారి నేరమైనది.

క్రీ.శ. 64 లో రోము నగరము తగులబడినప్పుడు నీరో చక్రవర్తి ఆ నిందను క్రైస్తవుల మీదికి నెట్టి, వారిని క్రూరముగా చంపించినాడు. అది ఒక నగరములో జరిగిన ఘోరము. రాజ్యమునకు ఈ విషయములో ఒక పద్ధతి ఏర్పడినట్లు మనకు తెలిసేది సుమారు 112 లో వ్రాసిన ఒక లేఖ వలన. నల్లసముద్ర తీరమున బితూనియా రాష్ట్రమును పాలించుచున్న ప్లినీ అనే విద్వాంసుడు ట్రేజన్ చక్రవర్తికి తన సందేహములు వ్రాసి పంపినాడు. క్రైస్తవుడనే పేరే నేరమా, లేక ఆ పేరుతో చేసే పనులేవైనా నేరములా అన్నది అతని మొదటి ప్రశ్న. పట్టుబడినవారిని తాను మూడుమార్లు అడిగినాననియు, మూడవసారి కూడ ఔనన్నవారిని శిక్షకు పంపినాననియు, రోము పౌరులైనవారిని రోముకు పంపుటకు ఏర్పాటు చేసినాననియు తెలిపినాడు. కాదన్నవారి చేత దేవతలను కొలిపించి, చక్రవర్తి ప్రతిమ ముందు సాంబ్రాణి, ద్రాక్షాసవము సమర్పింపజేసి, క్రీస్తును దూషింపజేసి విడిచిపెట్టినాడు. వారి రహస్యమేమో తెలిసికొనుటకు సంఘములో సేవకురాండ్రుగా ఉన్న ఇద్దరు దాసీలను హింసించినాడు. తెలిసినదేమనగా, వారు ఒక నియత దినమున తెల్లవారకముందే కూడి క్రీస్తును దేవునివలె స్తుతిస్తారు. దొంగతనము, వ్యభిచారము, మాట తప్పుట మొదలైనవి చేయమని ఒట్టు పెట్టుకొంటారు. ఇంతే.

ట్రేజన్ జవాబు క్లుప్తమైనది. వారిని వెదకి పట్టవద్దు. ఎవరైనా ఫిర్యాదు చేసి రుజువైనచో శిక్షింపవలెను. కాదని దేవతలను పూజించినవాడిని క్షమింపవలెను. పేరులేని ఆకాశరామన్న ఉత్తరములను లెక్కచేయరాదు. ఇందులో ఒక విచిత్రమున్నది. దొంగ తాను దొంగను కానన్నంత మాత్రమున ఏ న్యాయాధిపతియు విడిచిపెట్టడు. ఇక్కడ మాత్రము ఒక్క మాట కాదంటే విడుదల, ఔనంటే మరణము. అనగా న్యాయస్థానము క్రైస్తవుని దగ్గర కోరినది ఒక మాట మాత్రమే. అందుచేతనే 'సాక్షి' అనే పేరు వారికి అంత సహజముగా అతికినది.

ఈ ఒక్క మాట దగ్గర నిలిచినవారిలో స్ముర్న నగరపు బిషప్పు పాలికార్పు ప్రసిద్ధుడు. సుమారు 155 ప్రాంతమున ఆయన సజీవదహనమునకు గురియైనాడు. ఆ సంగతులను స్ముర్న సంఘమువారు ఫిలొమేలియము అనే ఊరి సంఘమునకు జాబుగా వ్రాసినారు. బైబిలు వెలుపల హతసాక్షిని గురించి మనకు దక్కిన తొలి వృత్తాంతములలో అది ముఖ్యమైనది. పట్టుకొనుటకు సైనికులు వచ్చినప్పుడు ఆ వృద్ధుడు వారికి అన్నపానములు పెట్టించి, ప్రార్థన చేసికొనుటకు ఒక గంట గడువు అడిగినాడట. రాష్ట్రాధిపతి ఆయన వయస్సు చూచి జాలిపడి, చక్రవర్తి పేర ఒట్టు పెట్టి బయటపడుమని బ్రతిమాలినాడు. 86 ఏండ్లుగా తాను సేవించిన ప్రభువు తనకు ఏ కీడును చేయలేదనియు, అట్టివానిని ఎట్లు దూషింతుననియు పాలికార్పు బదులు చెప్పినాడు. తరువాత సంఘమువారు ఆయన అస్థికలను రత్నములకన్న విలువగా ఏరి తెచ్చుకొని, ఏటేటా ఆ మరణదినమును 'పుట్టినరోజు'గా జరుపుకొనుటకు నిశ్చయించినారు. ఆర్థోడాక్సు పంచాంగములో ఫిబ్రవరి 23 ఆయన దినము.

అదే జాబులో మరి ఒక మనిషి ఉన్నాడు. అతని పేరు క్వింటస్. ఫ్రిగియా నుండి వచ్చినవాడు. ఎవరూ పట్టుకొనకముందే తానే న్యాయాధిపతి ముందుకు దూకినాడు, మరికొందరిని కూడ ఉసికొల్పినాడు. తీరా మృగములను చూడగానే గుండె జారి, ఒట్టు పెట్టి, సాంబ్రాణి వేసినాడు. తమంతట తాము పోయి పట్టుబడువారిని తాము మెచ్చుకొనమని స్ముర్న సంఘమువారు అక్కడనే స్పష్టము చేసినారు. ఈ హితవు తరువాతి సంఘనియమములలో స్థిరపడినది. చావును వెదకుకొనుట సాక్ష్యము కాదు. వచ్చినప్పుడు తప్పించుకొనుటకు అబద్ధమాడకుండుటయే సాక్ష్యము.

స్ముర్న నాటి హింస ఒక ఊరి హింస. సుమారు నూరేండ్ల తరువాత పరిస్థితి మారినది. సరిహద్దులలో గోతులు, పర్షియనులు, లోపల సింహాసనము కొరకు సేనాపతుల పోరాటము. 249 లో అధికారమునకు వచ్చిన డెసియస్ చక్రవర్తి దేవతల ప్రసన్నత కొరకు రాజ్యములోని ప్రతి మనిషి బలి అర్పింపవలెనని శాసించినాడు. అంతవరకు ఫిర్యాదు వస్తేనే విచారణ. ఇప్పుడు ప్రతి ఒక్కరు అధికారుల ముందుకు వచ్చి, బలి ఇచ్చి, ఆసవము ధారపోసి, ప్రసాదమును రుచిచూచి, అట్లు చేసినట్లు కాగితము పుచ్చుకొనవలెను. ఈజిప్టు ఇసుకలో అట్టి పపైరసు కాగితములు నలుబదికి పైగా దొరికినవి. అవన్నియు 250 జూన్, జూలై నెలల నాటివి. 1893 లో అచ్చయిన మొదటి కాగితము 72 ఏండ్ల డయోజెనీస్ అనే ఒక పల్లెటూరి ముసలివానిది. అతని కుడి కనుబొమ మీద మచ్చ ఉన్నదని గుర్తు కూడ వ్రాసినారు. తాను ఎల్లప్పుడు దేవతలకు బలులిచ్చుచునే ఉన్నాననియు, ఇప్పుడు కూడ అధికారుల సమక్షమున ఇచ్చినాననియు అతడు విన్నవించుకొన్నాడు. క్రింద సాక్షి సంతకము ఉన్నది. మరొక కాగితము ఒక దేవాలయపు పూజారిణిది. దేవత సన్నిధిలోనే బ్రతికే మనిషి కూడ తాను దేవతలను కొలుచుచున్నట్లు ధ్రువపత్రము తీసికొనవలసి వచ్చినదన్నమాట.

కత్తికన్న ఈ కాగితము క్రైస్తవ సంఘమును ఎక్కువ దెబ్బతీసినది. రోము బిషప్పు ఫేబియన్ 250 జనవరిలో మరణించినాడు. మహాపండితుడు ఆరిజన్‌ను చెరలో వేసి చిత్రహింసలు పెట్టినారు. కాని చనిపోయినవారికన్న లొంగిపోయినవారే ఎన్నోరెట్లు ఎక్కువ. వారిలోను తరగతులు ఏర్పడినవి. బలి ఇచ్చినవారు కొందరు; చిటికెడు సాంబ్రాణి మాత్రము వేసినవారు కొందరు; ఏమీ చేయకుండ అధికారికి లంచమిచ్చి కాగితము మాత్రము సంపాదించినవారు కొందరు. ఈ మూడవవారు తమ చేతికి ఏమియు అంటలేదని తృప్తిపడినారు. కాని సాక్షి అబద్ధపు కాగితము చేత పట్టుకొనవచ్చునా అని తక్కినవారు అడిగినారు.

అలెగ్జాండ్రియా బిషప్పు డియోనీసియస్ ఆ దినములను కన్నులార చూచి ఉత్తరములు వ్రాసినాడు. చరిత్రకారుడు యుసేబియస్ వాటిని భద్రపరచినాడు. పేరుగల పెద్దలు, ఉద్యోగులు బలిపీఠముల వద్దకు వచ్చిన తీరు ఆయన వర్ణించినాడు. కొందరు ముఖములు పాలిపోయి, తామే బలిపశువులన్నట్లు వణకుచు వచ్చినారు. చావటానికీ ధైర్యము లేదు, బలి ఇవ్వటానికీ ధైర్యము లేదు. చుట్టూ మూగిన జనము నవ్వినది. డియోనీసియస్ వారిని దుమ్మెత్తిపోయలేదు. దానికి కారణము కూడ ఆయన ఉత్తరములలోనే కనబడుతుంది. ఆయనను పట్టుటకు పంపిన అధికారి ఊరంతా గాలించినాడు గాని, ఇంటిలోనే ఉంటాడని ఊహింపక ఆ ఇంటికి మాత్రము పోలేదట. ఆయన నాలుగు దినములు ఇంటనే ఉండి, తరువాత బయలుదేరి దారిలో పట్టుబడినాడు. ఆ వార్త ఒక పెండ్లి విందులో ఉన్న పల్లెజనులకు చేరినది. వారు విస్తళ్ల ముందు నుండి ఉన్నపళముగా లేచి, కేకలు వేయుచు వచ్చి కాపలావారిని తరిమివేసి, వద్దు వద్దన్నా వినక బిషప్పును కాళ్లు చేతులు పట్టి ఎత్తుకొనిపోయినారు. తాను బ్రతికినది తన ధైర్యము వలన కాదని ఆయనకు తెలుసును.

251 లో డెసియస్ గోతులతో పోరాడుచు యుద్ధభూమిలో మరణించినాడు. హింస ఆగినది. అప్పుడు మొదలైనది అసలు పరీక్ష. లొంగిపోయినవారు తిరిగి వచ్చినారు. వారిని చేర్చుకొనవలెనా, వద్దా? రోములో నొవేషియన్ అనే పండితగురువు చేర్చుకొనరాదన్నాడు. దేవుడు క్షమించునేమో గాని సంఘము క్షమింపజాలదని అతని వాదము. అతని పక్షమువారు తమను 'శుద్ధులు' అని పిలుచుకొని వేరైపోయినారు. కార్తేజిలో దీనికి ఎదురు చిక్కు వచ్చినది. చెరలో హింసలు భరించి బ్రతికినవారు తమ ప్రతిష్ఠతో లొంగిపోయినవారికి సిఫారసు ఉత్తరములు ధారాళముగా వ్రాసి ఇచ్చినారు. అక్కడి బిషప్పు సిప్రియన్ ఈ రెండు దారులను కాదన్నాడు. తలుపు మూయరాదు, విచారణ లేకుండ బార్లా తెరువనూరాదు. ఎవరు ఏ పరిస్థితిలో పడిపోయినారో చూచి, తగిన ప్రాయశ్చిత్తము విధించి, కాలము గడచిన తరువాత చేర్చుకొనవలెను. హింసా దినములలో తాను దాగి ఉండెనన్న నింద ఆయన మీద అప్పటికే ఉన్నది. 258 లో మరొక చక్రవర్తి వలేరియన్ కాలమున ఆయన పారిపోక నిలిచి, శిరచ్ఛేదము పొందినాడు.

ఈ వాదములన్నిటి మధ్య డియోనీసియస్ ఒక చిన్న సంగతి వ్రాసినాడు. అంతియొకయ బిషప్పు నొవేషియన్ పక్షమునకు మొగ్గుచున్నాడని విని, ఆయనకు తర్కము చెప్పుటకు బదులు ఈ కథ చెప్పినాడు. అలెగ్జాండ్రియాలో సెరాపియన్ అనే ముసలివాడు ఉండెను. జీవితమంతా సజ్జనుడుగా బ్రతికి, హింసలో బలి ఇచ్చినాడు. తరువాత క్షమింపుమని ఎన్నోసార్లు అడిగినాడు. ఎవరూ వినలేదు. జబ్బుపడి మూడు దినములు మాట, స్పృహ లేక పడి ఉన్నాడు. నాలుగవనాడు కొంచెము తెలివి వచ్చి, మనుమడిని దగ్గరకు పిలిచి, ఇంక నన్ను ఎంతకాలము పట్టి ఉంచుతారు, త్వరగా విడిపించుమని గురువును పిలుచుకొని రమ్మన్నాడు. అర్ధరాత్రి. గురువు కూడ జబ్బులో ఉన్నాడు, రాలేడు. అయితే చావు దగ్గరపడినవారు అడిగినచో, అంతకుముందు కూడ అడిగి ఉన్నవారైనచో, నిరాకరింపవద్దని డియోనీసియస్ ఆజ్ఞ ఇచ్చి ఉన్నాడు. గురువు ప్రభు సంస్కారపు రొట్టెలో ఒక చిన్న ముక్కను ఆ బాలుని చేతికిచ్చి, తడిపి తాతగారి నోటిలో వేయుమన్నాడు. పిల్లవాడు గడపలో అడుగుపెట్టకముందే ముసలివానికి మళ్లీ స్పృహ వచ్చినది. గురువు రాలేకపోయినాడు కదా, ఆయన చెప్పినట్లు చేసి నన్ను పంపివేయుమన్నాడు. మనుమడు తడిపి నోటిలో వేసినాడు. తాత మింగినాడు, వెంటనే ప్రాణము విడిచినాడు.

ఇందులో సింహములు లేవు, మంటలు లేవు. ఒక చీకటి వీధి, పరుగెత్తే పిల్లవాడు, చేతిలో చిన్న రొట్టెముక్క. కాని మూడు శతాబ్దముల హింసా చరిత్రలో ఇంతకన్న ముఖ్యమైన ఘట్టము లేదని మాకు తోచుచున్నది. నిలిచినవారిని గౌరవించుట ఏ సంఘమునకైనా సులభము. పడిపోయినవానిని మరల మనిషిగా చూడగలుగుటలోనే దాని సత్తా తేలుతుంది.

వలేరియన్ పర్షియనులకు పట్టుబడిన తరువాత, 260 నుండి సుమారు నలుబది ఏండ్లు సంఘమునకు ప్రశాంతి లభించినది. ఊరూరా పెద్ద ప్రార్థనాలయములు లేచినవి. రాజభవనములోను, సైన్యములోను క్రైస్తవులు చేరినారు. ఆ పిమ్మట 303 ఫిబ్రవరి 23 న డయోక్లీషియన్ చక్రవర్తి తన రాజధాని నికొమీడియాలో కోట ఎదుటనున్న చర్చిని నేలమట్టము చేయించినాడు. మరునాడు శాసనము వెలువడినది: చర్చిలు పడగొట్టవలెను, గ్రంథములు తగులబెట్టవలెను, క్రైస్తవులకు పదవులు, హక్కులు పోవలెను. గోడకు అంటించిన ఆ శాసనమును ఒకడు చించివేసి, సజీవదహనము పాలైనాడు. తరువాతి శాసనములు గురువులను చెరలో వేయించినవి. 304 నాటికి అందరూ బలి ఇవ్వవలెనన్న ఆజ్ఞ వచ్చినది. ఈజిప్టులో బాధ ఎంత తీవ్రమైనదనగా, అక్కడి కోప్టిక్ సంఘము తన శకమును డయోక్లీషియన్ సింహాసనమెక్కిన 284 నుండియే లెక్కించి, 'హతసాక్షుల శకము' అని పేరు పెట్టుకొన్నది. ఆ లెక్క ఈనాటికీ వారి పంచాంగములో నడచుచున్నది.

ఆ అగ్గి మధ్యనే, 306 ఈస్టరు సమయమున, అలెగ్జాండ్రియా బిషప్పు పీటరు ప్రాయశ్చిత్త నియమములు కొన్ని వ్రాసినాడు. ఆర్థోడాక్సు ధర్మశాస్త్రములో అవి నేటికీ భాగముగా ఉన్నవి. చిత్రహింసలు భరించి భరించి చివరకు లొంగినవారు అప్పటికే మూడేండ్లు దుఃఖించి ఉన్నారు కనుక, మరి 40 దినముల ఉపవాసము చాలునన్నాడు. చెరలో మాత్రము ఉండి, దెబ్బలు తినకుండ లొంగినవారికి ఇంకొక సంవత్సరము. యజమానులు కొందరు తమకు బదులుగా తమ దాసులను పంపి బలి ఇప్పించినారు. ఆ దాసులకు ఒక్క సంవత్సరము, పంపిన యజమానులకు మూడు సంవత్సరములు విధించినాడు. దాసుడు యజమాని చేతిలో ఉన్నవాడని గుర్తించి, అసలు భారమును పంపినవాని మీద మోపిన ఈ తీర్పు ఆనాటి న్యాయస్థానములలో దొరకేది కాదు. ధనమిచ్చి బయటపడినవారిని, ఆస్తి విడిచి పారిపోయినవారిని తప్పుపట్టవద్దన్నాడు. డబ్బు పోయినా ఆత్మ దక్కినదిగదా అని ఆయన భావము. ఇంత మెత్తగా కొలిచిన ఆ చేయి తన విషయములో మెత్తపడలేదు. 311 లో పీటరు శిరచ్ఛేదము పొందినాడు. ఈజిప్టు సంఘము ఆయనను హతసాక్షుల వరుసకు ముద్రగా ఎంచుతుంది.

అదే సంవత్సరము ఏప్రిల్‌లో, ఈ హింసకు ముఖ్య ప్రేరకుడని పేరుపొందిన గలేరియస్ చక్రవర్తి మరణశయ్య మీద నుండి శాసనము మార్చినాడు. క్రైస్తవులు ఉండవచ్చును, కూడుకొనవచ్చును, రాజ్యక్షేమము కొరకు తమ దేవుని ప్రార్థింపవలెను అన్నాడు. 313 లో కాన్‌స్టంటైన్, లిసీనియస్ అనే చక్రవర్తులు మిలాను నగరమున కలిసి మతస్వేచ్ఛను అంగీకరించినారు. కాని లిసీనియస్ కొన్నేండ్లకు మనస్సు మార్చుకొన్నాడు. తూర్పున సైన్యములోని క్రైస్తవులకు మరల కష్టకాలము వచ్చినది.

ఆర్మీనియా సరిహద్దున సెబస్తె అనే ఊరు ఉండెను. నేటి తుర్కీలో దాని పేరు సీవాస్. సుమారు 320 లో అక్కడ నలుబదిమంది సైనికులు బలి ఇవ్వమన్నారు. వారిని నడి చలికాలమున, వివస్త్రులను చేసి, గడ్డకట్టిన నీటి మీద రాత్రంతా నిలువబెట్టినారని సంప్రదాయము. అంతకన్న క్రూరమైన సంగతి మరొకటి ఉన్నది. ఒడ్డున వేడినీటి స్నానశాల సిద్ధముగా ఉంచినారు. ఒక్క మాట అన్నవాడు పోయి వెచ్చదనములో కూర్చొనవచ్చును. నలుబదిమందిలో ఒకడు తాళలేక పరుగెత్తినాడు. వెచ్చదనము తాకగానే ప్రాణము విడిచినాడు. అంతవరకు కాపలా కాయుచున్న సైనికుడొకడు, ఆకాశము నుండి కిరీటములు దిగుచున్నట్లును, ఒక కిరీటమునకు తల లేనట్లును చూచి, తన వస్త్రములు విప్పివేసి ఆ మంచు మీదికి నడచినాడు. లెక్క మరల నలుబది అయినది. తెల్లవారి శవములను బండికెత్తుచుండగా ఒక యువకునిలో ఇంకా ఊపిరి ఉన్నదని వదలివేసినారు. అతని తల్లి తానే అతనిని ఎత్తి తోడివారి బండిలో పెట్టినదట.

అర్ధశతాబ్దము తరువాత కైసరియ బిషప్పు మహా బాసిల్ ఈ కథను ప్రసంగముగా చెప్పినాడు. ఆయన తమ్ముడు నిస్సా గ్రెగరీ కూడ వీరిని గురించి ప్రసంగించినాడు. వీరి అస్థికల సన్నిధిలోనే ఆయన తల్లిదండ్రుల సమాధులు ఉన్నవి. చిన్నతనములో ఈ వీరుల జాగరణరాత్రి తాను నిద్రపోగా, కలలో సైనికులు బెత్తములతో బెదరించినారని గ్రెగరీ వ్రాసుకొన్నాడు. ఇవి గాక, చెరలో ఉండగా ఆ నలుబదిమంది వ్రాయించిన మరణశాసనము అని ఒక పత్రము దక్కినది. అందులో కిరీటములు లేవు, అద్భుతములు లేవు. తమ అస్థికలను విడదీయక ఒకచోట ఉంచుమనియు, ఎవరూ ముక్కలు దాచుకొనవద్దనియు కోరినారు. తరువాత ఊరూరి బంధుమిత్రులను పేరు పేరున పలుకరించినారు. ఆ పలుకరింపులు చదివినప్పుడు చిత్రపటములోని దేవదూతలకన్న మనుష్యులే మనకు దగ్గరగా కనబడుతారు.

ఈ జ్ఞాపకమును ఆర్థోడాక్సు సంప్రదాయము గ్రంథములలో బంధించి ఉంచలేదు. ఇంటిలోనికి, పూజలోనికి తెచ్చుకొన్నది. బలిపీఠము మీద పరచే 'అంటిమెన్షన్' అనే వస్త్రములో హతసాక్షుల అస్థికాశకలము కుట్టి ఉంటుంది. ఆ వస్త్రము మీదనే ప్రభు సంస్కారము జరుగుతుంది. పెండ్లిలో వధూవరుల తలలపై కిరీటములుంచే ఆచారము వారికి ఉన్నది. అప్పటి ప్రార్థనలలో సెబస్తె నలుబదిమందిని స్మరిస్తారు. పెండ్లిపందిరిలో చనిపోయినవారి మాట ఏమిటని మనకు తోచవచ్చును. సంసారము కూడ ఒక మాటకు కట్టుబడి కష్టములో నిలుచుటయేనని వారి భావన. మార్చి 9 ఆ నలుబదిమంది దినము. రష్యాలో ఆనాడు భరతపక్షి ఆకారమున రొట్టెలు చేసి పిల్లలకు పెట్టుతారు. రుమేనియాలో ఎనిమిది అంకె ఆకారమున పిండివంట చేసి, తేనె, అక్రోటు పప్పులతో తింటారు. గడ్డకట్టిన చెరువు కథ ఈ విధముగా వసంతపు తొలి తీపి అయినది.

చరిత్ర దృష్టితో ఒకటి రెండు మాటలు చెప్పవలసి ఉన్నది. హతసాక్షుల కథలన్నియు ఒకే విలువగలవి కావు. స్ముర్న జాబు, డియోనీసియస్ ఉత్తరములు ఆ కాలమునకు దగ్గరివి. తరువాతి శతాబ్దములలో పెరిగిన కథలలో హింసలు, అద్భుతములు పోటీపడినవి. నీరో నుండి మిలాను వరకు రెండున్నర శతాబ్దములు ఎడతెగని హింస జరిగినదన్నది కూడ నిజము కాదు. ఎక్కువ కాలము, ఎక్కువ చోట్ల క్రైస్తవులు ఇరుగుపొరుగులతో కలిసి బ్రతికినారు. మరియొకటి: 380 లో క్రైస్తవము రాజమతమైన తరువాత దండము చేతులు మారినది. దేవాలయములు మూతపడినవి, బలులు నిషిద్ధమైనవి. 415 లో హైపేషియా అనే విదుషిని అలెగ్జాండ్రియా వీధులలో క్రైస్తవుల గుంపు చంపినది. డియోనీసియస్, పీటరు నడచిన ఊరే అది. బాధపడినవారి వారసులు బాధపెట్టరన్న భరోసా చరిత్రలో ఎక్కడా లేదు.

గ్రంథములు మూసివేసినంత మాత్రమున ఈ అధ్యాయము ముగియలేదు. 1917 తరువాత రష్యాలో వేలకొలది గురువులు, సన్యాసినులు, సామాన్యులు ప్రాణములు కోల్పోయినారు. 2000 సంవత్సరములో రష్యను సంఘము వారిలో వెయ్యికి పైగా పేర్లను ఒక్కసారిగా పరిశుద్ధుల జాబితాలో చేర్చినది. 2015 ఫిబ్రవరిలో లిబియా సముద్రతీరమున కూలి పనికి పోయిన 21 మందిని వారి విశ్వాసము కారణముగా చంపినారు. అందులో 20 మంది ఈజిప్టు కోప్టులు. ఒకడు ఘనా దేశస్థుడు. కోప్టిక్ సంఘము వారందరిని, ఆ పరదేశితో సహా, తన హతసాక్షుల వరుసలో వ్రాసికొన్నది. సెబస్తెలో లెక్క పూరించిన కాపలా సైనికుడు ఇక్కడ గుర్తుకు రాక మానడు.

నాటి రోము అధికారులు కోరినది చిటికెడు సాంబ్రాణి, ఒక సంతకము, ఒక మాట. అంత స్వల్పమైనది ఇవ్వనందుకు చనిపోవుట మూర్ఖత్వమని ప్లినీ వంటి చదువరులు హృదయపూర్వకముగా తలచినారు. మాట స్వల్పమైనదే కావచ్చును. కాని మనిషి దగ్గర అంతకన్న సొంతమైనది మరి ఏమున్నది? ఆ సొత్తును నిలుపుకొన్నవారికి సంఘము కిరీటములిచ్చినది. పోగొట్టుకొని రాత్రివేళ తలుపు తట్టినవారికి, ఎంతో వాదించి, ఎంతో ఆలోచించి, తలుపు తెరచినది. సాక్షుల చరిత్రలో మొదటి పని ఎంత గొప్పదో రెండవదియు అంత గొప్పదని మా అభిప్రాయము.